అమ్మ కలిపిన పాలపొడి

బుధవారం, మేడ్చల్

ఎనిమిది నెలలుగా పాలు, పెరుగు వద్దనుకుని ముట్టని నాకు అమ్మ రోజూ రాగిజావలో పాలపొడి కలుపుతోందట. ఈ ఉదయం కలుపుతుండగా చూసి నిలదీస్తే, నెలల నుంచి ఇదే పని అని ఒప్పుకుంది.

"మీ అవ్వ తుంటి బొక్క ఇరిగి మంచంల పడితే నేనే చాకిరి జేసిన. నీకు గట్లయితే ఎవరు జేస్తరు?" అంది, తప్పు నాదే అన్నట్టు.

"అవ్వ దినాం పాలు తాగేది గదమ్మా," అన్నాను.

నువ్వులు, మునగాకు, కాల్షియం కలిపిన సోయాపాలు, ఏ పూట ఏం తినాలో చూసుకునే తింటున్నాను. అడిగితే చెప్పేదాన్ని. అడగకుండా నా గిన్నెలో కలపడానికి నేనేమైనా చంటిపిల్లనా? ఒళ్ళు మండిపోయింది. జావంతా పారబోశాను.

కిందటి నెల పరీక్షల్లో కాల్షియం బాగానే ఉందని డాక్టర్ చెబితే ఎంత గర్వపడ్డాను. అది నా తిండి వల్లా, అమ్మ దొంగచాటుగా కలిపిన పాలపొడి వల్లా? ఇక ఎలా తెలుస్తుంది...