కుందేలుకి పుట్టిల్లు

నాన్నా,

నువ్వు ఏ కుక్కపిల్లని తెచ్చినా గుమ్మంలోనే కసిరే అమ్మ, నువ్వు పోయిన ఏడాదికి తనే ఒక కుందేల్ని తెచ్చింది. పక్క క్వార్టర్ పిన్ని ఇచ్చిందట. నిన్న అది తన బొచ్చు తనే పీక్కుంటుంటే గజ్జి అనుకున్నాను. అమ్మ పొట్ట తడిమి, "కడుపుతో ఉన్నట్టుందే" అంది.

అది విని పిన్ని వెనక్కి తీసుకెళ్తానని వచ్చింది. అమ్మ బుట్టకి అడ్డంగా కూర్చుంది.

"పురుటికి పుట్టింటికొచ్చిన పిల్లని పురుడవకండా పంపేత్తారేటే?"

పిన్నిదీ మన శ్రీకాకుళమే కదా, నవ్వేసింది. సాయంత్రం సాక్చీ బజారు నుంచి ముల్లంగి ఆకులు కూడా తెచ్చింది.

బుట్టలో అమ్మ పరిచింది నీ ఖాకీ చొక్కా. ఇన్నాళ్ళూ నన్ను ఉతకనివ్వలేదు. డ్యూటీ నుంచి వస్తూ నువ్వు మాకు వేరుశనక్కాయలు తెచ్చే జేబులో, కుందేలు ఇప్పుడు పుట్టబోయే పిల్లల కోసం బొచ్చు కుక్కుతోంది.