కడిగిన ఫిల్టరు

అన్నా,

నువ్వు పోయినప్పటి నుంచి మంజీర ఒడ్డున పడున్న షికారు పడవకు ఇవాళ కొత్త డీజిల్ ఫిల్టరు వేశాను. పెద్ద దొర కుటుంబం షికారుకు వస్తోందని మన పైవాళ్లు పటాన్‌చెరు నుంచి జీపులో తెప్పించారు. నువ్వు అడిగినప్పుడల్లా "కడిగి పెట్టు" అన్నవాళ్లే.

నువ్వూ తక్కువేం కాదు. నేను కొట్లాడుదామంటే, "నడుస్తది తీయి తమ్మీ" అంటూ కడగకుండా మార్చేయాల్సిన ఆ కాగితం ఫిల్టరునే కిరసనాయిలులో కడిగి కడిగి నడిపించావు. నువ్వు నడిపించబట్టే వాళ్లు కొనలేదు. చివరికి అది పూడుకుపోయి నడినీళ్లలో ఇంజను ఆగితే, తాడు నడుముకు కట్టుకుని ఈదుతూ పడవను లాగబోయిందీ నువ్వే, మునిగిందీ నువ్వే.

"పాతది పారేయకు, కడిగి పెట్టు, పనికొస్తది," అన్నాడు సూపర్‌వైజరు.

దాన్ని కత్తితో నిలువునా చీల్చి అతని బల్ల మీద పెట్టాను.

"కడిగేటోడు లేడు సార్. మీరే కడుగుండ్రి."