బండ దగ్గర పిలిచిన పేరు

కార్తీక మాసం, గురువారం

అక్కకు నీ చెల్లెలు సరోజ నమస్కారాలు. బావకు కూడా నా నమస్కారాలు చెప్పు. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? చలి మొదలైంది కదా, నువ్వుల నూనె వెచ్చచేసి రాస్తున్నావా? ఇక్కడ ఈయనా నేనూ బాగున్నాం. ఈ మాట అలవాటు కొద్దీ రాయడం లేదు, నిజంగానే బాగున్నాం. ఉత్తరం అయ్యేలోపు ఇదే మాట మళ్ళీ మళ్ళీ రాస్తానేమో, విసుక్కోకు.

ఇక్కడికి వచ్చి ఏడాది దాటినా నీకు కార్డు మీద నాలుగు ముక్కలు తప్ప ఉత్తరమంటూ రాయలేదు. ఇప్పుడు కాగితాలు ముందేసుకుని కూర్చోవడానికి కారణం ఉంది. మొన్న నేను బూత్ నుంచి ఫోన్ చేస్తే, శ్రీకాకుళం తీరంలో సముద్రం అల్లకల్లోలంగా ఉందని పేపర్లో చూసి భయపడి నువ్వు గుచ్చి గుచ్చి అడిగావు. నా వెనక జనం నిలబడి ఉన్నారు. "ఏమీ లేదక్కా, బాగున్నాం" అని పెట్టేశాను. ఏమీ లేకపోవడం కాదు. ఒకటి జరిగింది, దేవుడి దయ వల్ల గడిచిపోయింది. అది ఒక్కరికైనా చెప్పుకోకపోతే నా గుండె కుదుటపడేలా లేదు. నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పడానికి?

మేముండేది అక్కుపల్లికి కొంచెం అవతల చిన్న ఊరు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ఇల్లు, రెండు గదులు. వెనక కొబ్బరి తోట, దాని వెనక జీడి మామిళ్ళు, ముందు ఇసుక, ఆ తరవాత అంతా సముద్రమే. మన ఆదోనిలో బిందె నీళ్ళ కోసం కొళాయి దగ్గర ఎంత పోట్లాడేవాళ్ళమో గుర్తుందా? ఇక్కడ కంటికి ఆనినంత మేరా నీళ్ళే, తాగడానికి చుక్క పనికిరాదు. ఉప్పు గాలికి అగ్గిపుల్ల వెలగదు, అప్పడం వేయించిన కాసేపటికే మెత్తబడుతుంది, పూజ సామాను ఎంత తోమినా పచ్చబడుతుంది. మొదట్లో రాత్రిళ్ళు ఆ హోరు విని నిద్రపోలేక విష్ణు సహస్రనామం చదువుకునేదాన్ని. ఇప్పుడు ఆ హోరు లేకపోతే మెలకువ వస్తుంది. తిండికి లోటు లేదు. పనసకాయలూ కొబ్బరికాయలూ అడగకుండానే తెచ్చి గుమ్మంలో పెడతారు. జొన్న రొట్టె మాత్రం కలలోకి వస్తుంది.

పక్కింటి నీలమ్మ నాకు ఇక్కడ తోడు. వాళ్ళది వేటకు వెళ్ళే కుటుంబం. ఆమె భర్త దానయ్యకు సొంత పడవ ఉంది. మేము చేపలు తినమని తెలిసి, బుట్ట తలమీద ఉంటే నీలమ్మ మా వాకిట్లోకి కూడా రాదు, కంచె అవతల నిలబడే మాట్లాడుతుంది. వాళ్ళ మాట మొదట్లో నాకు సగం అర్థమయ్యేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, "అమ్మా, తొంగున్నావేటి?" అని అడిగింది. కిటికీలోంచి తొంగి చూస్తున్నానని నన్ను ఎత్తిపొడుస్తోందనుకుని రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాను. తొంగోవడమంటే ఇక్కడ పడుకోవడమట. ఆ సంగతి తెలిశాక ఆమె కంచె పట్టుకుని ఎంత నవ్విందో. ఈయనకు చెబుదామనుకుంటూనే మరిచిపోయాను. చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదేమో.

ఈయన సంగతి నీకు తెలుసు. మిల్లు మూసేశాక మనిషి సగమైపోయారు. ఇక్కడ ఐసు లెక్కలు రాసే పని దొరికినా ముఖంలో వెలుగు లేదు. పొద్దున వెళ్ళడం, సాయంత్రం వచ్చి గోడకేసి చూస్తూ కూర్చోవడం. అన్నం కలిపి పెట్టినా ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పరు. పడవల వాళ్ళు "ఐసు బాబూ" అని ప్రేమగానే పిలుస్తారు, ఈయనే కలవరు. వీళ్ళకు ఈయన అసలు పేరు కూడా తెలియదు. దానయ్య మాత్రం వదలడు. "ఏటి బాబూ, గంగమ్మ ఒడ్డునే ఉండి గంగమ్మని తాకనేదంటే ఎలాగ? ఓపాలి మా పడవెక్కి సూడు, నీ లెక్కలెక్కడికీ పోవు" అని రోజూ ఏడిపిస్తాడు. వీళ్ళు సముద్రాన్ని గంగమ్మ అనే అంటారు.

ఇక బండ గురించి చెప్పాలి. మా ఇంటికి ఎదురుగా, ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళలో మునిగి పెద్ద రాతి బండ ఉంది. దానికి అడ్డు గానీ చాటు గానీ లేదు, సముద్రంలో ఎక్కడ గాలి రేగినా ఆ కెరటం నేరుగా వచ్చి దీని మీదే విరుగుతుంది. మామూలు రోజుల్లో ఆ చోట సన్నగా తెల్లటి గీత కనిపిస్తుంది, అంతే. పోటు మీద అదీ ఉండదు. పాటుకు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు నల్లగా వీపు తేలుతుంది. బండకూ ఇసుక దిబ్బకూ నడుమ ఇరుకు సందు ఉంది, పడవలు ఆ సందులోంచే రావాలి, పోవాలి.

సోమవారం నాడు నేను ఉపవాసం. తలస్నానం చేసి తులసి దగ్గర దీపం పెడుతుంటే నీలమ్మ వచ్చింది.

"అమ్మా, బాబు మా ఇంటోడితో పడవెక్కినాడు. నీతో సెప్పనేదా?"

చెప్పలేదు. చెబితే వద్దంటానని భయం కాబోలు. బండ అవతల ముందురోజు వేసిన వల తీసుకుని వచ్చేస్తారట, ఎంతసేపో పట్టదట. ఆకాశం అద్దంలా ఉంది. గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదికి వీస్తోంది, నీళ్ళు ఇస్త్రీ చేసినట్టున్నాయి. వాయుగుండం ఒరిస్సా వైపు పోతోందని రేడియోలో ముందు రాత్రే చెప్పారు, మన వైపు భయం లేదనుకున్నారు అందరూ. గాలి అటు పోయినా దాని కెరటాలు ఇటు వస్తాయని ఆ పూట ఎవరూ తలచలేదు.

ఎండ ఎక్కేసరికి హోరు మారింది. ఎలా చెప్పను అక్కా, దూరంగా బండి మీద నుంచి బండలు దించుతున్నట్టు. బయటికి వచ్చి చూస్తే బండ మీద తెల్ల గీత లేదు, తెల్ల గోడ ఉంది. అది లేస్తోంది, కూలుతోంది, మళ్ళీ లేస్తోంది. ఆడవాళ్ళంతా ఒడ్డుకు నడిచారు, ఎవరూ పరిగెత్తలేదు. నేనూ వాళ్ళ వెనకే వెళ్ళాను. బండ అవతల దానయ్య పడవ ఆగి ఉంది, ఈయన తెల్ల చొక్కా నాకు కనిపిస్తూనే ఉంది.

దానయ్య తండ్రి ముసలాయన, కండువా చేత్తో పట్టుకుని దిబ్బ మీద నిలబడ్డాడు. కెరటాలు వరసగా కొన్ని వస్తాయట, తరవాత కాసేపు తెరిపి ఇస్తాయట. పడవలో ఉన్నవాళ్ళకు వెనక ఏముందో తెలుస్తుంది గానీ ముందు సందులో ఎలా ఉందో తెలియదు. అది ఒడ్డు నుంచి చూసి చెప్పాలి. ఆయన ఎంతసేపు అలా నిలబడ్డాడో, నాకైతే సహస్రనామంలో ఒక్క నామం తరవాత రెండోది రాలేదు. చివరికి కండువా ఊపాడు. పడవ ఇంజను శబ్దం వినబడింది.

సందులోకి సగం వచ్చేసరికి వెనక మరో కెరటం లేచింది. అనుకోనిది. పడవ నడిపే దానయ్యకు వెనకా ముందూ కనబడాలి, మిగతావాళ్ళంతా అడుగున వాలిపోవాలి. దానయ్య మనుషులు వాలిపోయారు. ఈయన ఒక్కరే అంచు పట్టుకుని కూర్చున్నారు. ఒడ్డున అందరూ ఒక్కసారి అరిచారు.

"తొంగో బాబూ! తొంగో!"

ఈయన లేచారు అక్కా. లేచి, అంచు మీద చేతులు పెట్టి, నీళ్ళలోకి వంగి తొంగి చూడసాగారు. ఏదో చూడమంటున్నారనుకున్నారు పాపం. పడవ ఆ పక్కకు ఒరిగింది. వీళ్ళు ఇంకా గట్టిగా తొంగో తొంగో అంటున్నారు, ఈయన ఇంకా వంగుతున్నారు. వెనక కెరటం తెల్లబడుతోంది.

నా గొంతు నీకు తెలుసు. పక్క గదిలో ఉన్నవాళ్ళకు వినబడదని అమ్మ తిట్టేది. ఆ గొంతులోంచి ఏం వచ్చిందో నాకే తెలియదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నోటితో పలకని పేరు, ఓటరు కాగితాల వాళ్ళు వచ్చి అడిగినా పక్కవాళ్ళ చేత చెప్పించిన పేరు, ఆ పేరు పెట్టి పిలిచాను. పిలిచి "పండుకో!" అన్నాను. పండుకోండి అని కూడా కాదు. చంటిపిల్లాడిని గదమాయించినట్టు, పండుకో అన్నాను. గాలి ఒడ్డు నుంచి లోపలికి వీస్తోంది కదా, నా మాటను తీసుకుపోయి అక్కడ పడేసింది.

ఈయన చటుక్కున అడుగున పడిపోయారు. కెరటం పడవ కిందికి వచ్చి ఎత్తింది, అంత ఎత్తున ఒక్క క్షణం ఆపింది, తరవాత నెట్టుకుంటూ తెచ్చి ఇసుక మీద వదిలింది. జనం నీళ్ళలోకి దూకి పడవను పట్టుకున్నారు. అందరూ క్షేమం. ఈయన మోచేయి కొంచెం చీరుకుంది, అంతే. పసుపు పెట్టాను, మానిపోయింది.

నీలమ్మ నన్ను పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. "నీకింత గొంతుందేటమ్మా! ఏటని అరిసినావు? దేవుణ్ణి పిలిసినావా?"

"అవును, దేవుడి పేరే" అన్నాను. అబద్ధం కాదు కదా అక్కా, ఈయనకు పెట్టింది దేవుడి పేరే.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. ఆ సాయంత్రం ఈయన అన్నం తింటూ, చాలా రోజుల తరవాత తానుగా నోరు విప్పారు. "సరోజా, నాకొకటి జరిగింది. నవ్వకు. అక్కడ మా అమ్మ పిలిచింది. పేరు పెట్టి పిలిచి పండుకో అంది. చిన్నప్పుడు మిద్దె మీద ఎట్ల అనేదో అట్లే అంది. ఇక్కడ ఆ పేరు ఎవరికి తెలుసు, ఆ మాట ఎవరికి తెలుసు?" అన్నారు. కళ్ళలో నీళ్ళు. మా అత్త పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు. నా గొంతు అంత పెద్దగా ఈయన ఎప్పుడూ విన్నది లేదు, నా నోటి నుంచి ఆ పేరు అసలే విన్నది లేదు. నేను మజ్జిగ పోసి ఊరుకున్నాను. "మిల్లు పోయినప్పటి నుంచి నన్ను అందరూ వదిలేసినారనుకుంటి, మా అమ్మ వదల్లేదు" అని రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. ఉప్పు తక్కువైందని కూడా అన్నారు. నాకు ఎంత సంతోషమైందో ఏం రాయను.

అప్పటి నుంచి ఈయన వేరే మనిషి. నిన్న దానయ్యతో కలిసి వల చిక్కు విప్పుతూ కూర్చున్నారు. తొంగో సంగతి తెలిసి మగవాళ్ళంతా ఏడిపిస్తుంటే తనూ నవ్వుతున్నారు. "బాబూ, ఈపాలి తొంగుంటావా, తొంగి సూత్తావా?" అని దానయ్య అడిగితే, "ముందు మీరు తెలుగు నేర్చుకోండప్పా" అన్నారట.

నువ్వు భయపడకు. వాయుగుండం తీరం దాటి బలహీనపడిందని ఈ పొద్దున రేడియోలో చెప్పారు. ఇక్కడ రేపటిదాకా కెరటాలు పెద్దగానే ఉంటాయట, వేటకు వెళ్ళొద్దన్నారు, ఎవరూ వెళ్ళడం లేదు. రేపు సాయంత్రానికి గాలి దక్షిణానికి తిరుగుతుందనీ, నీళ్ళ మీద చిన్న అలజడి ఉన్నా బండ మీద ఎత్తు తగ్గుతుందనీ ముసలాయన అంటున్నాడు. ఎల్లుండి పోటు వేళకు పడవలు దించుతారట. అండమాన్ల దగ్గర ఇంకేదో అల్పపీడనం ఉందంటున్నారు గానీ అది ఇటు వచ్చేదీ రానిదీ ఇప్పుడే తెలియదు. నేను కూడా పొద్దున పూజ కాగానే పంచాంగం చూసినట్టు బండను చూసి వస్తున్నాను. ఇందాక చూశాను. పాటు మీద కూడా తెలుపు నిన్నటికంటే సన్నబడింది, రెండు కెరటాల మధ్య తెరిపి బాగా ఎక్కువైంది. ఈయన చేత ఇక పడవ ఎక్కనని ఒట్టు వేయించుకుందామనుకున్నాను, మనసొప్పలేదు. సముద్రం నెమ్మదించాక, నన్ను అడిగి వెళ్ళమన్నాను. సరేనన్నారు.

ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే జొన్నపిండి, ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు పంపు. బొరుగులు డబ్బాలో గట్టిగా మూత పెట్టించు, లేకపోతే ఇక్కడికి వచ్చేసరికి మెత్తబడతాయి. పలాస జీడిపప్పు నీకోసం తీసి ఉంచాను. నీలమ్మ నిన్ను చూడాలంటోంది, నీకూ నాలాంటి గొంతే ఉందా అని అడిగింది.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు, పిల్లలకు నా ముద్దులు. అమ్మ చేత నా పేరున రెండు అక్షింతలు గాల్లోకైనా వేయించు, ఇక్కడ తలవంచి తీసుకుంటాను.

అమ్మకు మొదటి పేజీ చదివి వినిపించు, చాలు. మిగతావి చూపించకు. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచానంటే ఊరుకోదు. అంతకన్నా ముఖ్యం, ఎండాకాలంలో మేము వచ్చినప్పుడు ఈ కాగితాలు ఈయన కంటపడనీయకు. వాళ్ళమ్మే పిలిచిందనుకోనీ. చింపెయ్యమని మాత్రం చెప్పలేను అక్కా. నేనే పిలిచానని ఎక్కడో ఒకచోట ఉండాలనిపిస్తోంది. నీ పెట్టెలో, చీరల అడుగున, నీ దగ్గరే దాచిపెట్టు.

నీ ముద్దుల చెల్లెలు
సరోజ