మొగిలి ఘాట్‌లో రెండు కార్లు

చిత్తూరు, మే 1986, శనివారం.

మా పత్రిక ఆదివారం పేజీకి పాత, కొత్త కార్ల పోలిక రాయమన్నారని బంగారుపాళ్యం వెళ్లాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే జయరాం తన రెండు స్పోర్ట్స్ కార్లలోనూ నన్ను మొగిలి ఘాట్ ఎక్కించాడు.

పాతదానికి టాప్ లేదు. ఇంజను వేడికి అరికాళ్లు కాలాయి. వేగం నలభై దాటగానే స్టీరింగ్ వణికింది. మలుపు రాగానే జయరాం మాట ఆపి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ కారు వల్లే ఎముక విరిగి రెండుసార్లు పుత్తూరు కట్టు వేయించుకున్నాడు.

కొత్తదాన్ని అదే మలుపులో ఒంటిచేత్తో తిప్పుతూ తోతాపురి పంట గురించి చెబుతూనే ఉన్నాడు. స్పీడోమీటరు ముల్లు తొంభై మీద ఉంది. నాకూ భయం వేయలేదు.

భోజనం దగ్గర అడిగాడు. "ఏమప్పా, రెండిట్లో ఏది బాగుండాది? కొత్తదే అంటే పాతది రేపే అమ్మేస్తా."

వడ్డిస్తూ ఆయన భార్య సరోజమ్మ, "పాతది ఉండనీమని చెప్పన్నా. దాంట్లో పోతే ఈయనకు రవ్వంత భయమన్నా ఉంటాది. కట్టుతోనైనా ఇంటికొస్తాడు" అంది.

"కట్టు నాకు, నొప్పి ఈమెకు" అని జయరాం నవ్వాడు.

బ్రేకులు, టైర్ల పట్టు, స్టీరింగ్, అన్నిటా కొత్తదే మేలు. అదే చెప్పాను. సరోజమ్మ సాంబారు గిన్నెతో లోపలికి వెళ్లింది, మళ్లీ రాలేదు.

వ్యాసం పూర్తయింది. అందులో తప్పు లేదు. ఒళ్లంతా అలసటగా ఉంది. ఏ కారు మంచిదని ఆయన అడిగాడు, చెప్పాను. ఏ కారులో మనిషి ఇంటికొస్తాడని ఆమె అడిగింది. దానికి జవాబు చెప్పకుండానే చెయ్యి కడుక్కుని వచ్చేశాను.