జయరావు రంపం

అక్టోబరు 14, సోమవారం

అద్దంకి నుంచి సురేంద్ర గోనెసంచి తెచ్చాడు. పాత సామాన్లు కొని ఆన్‌లైన్‌లో అమ్ముకుంటాడు. ఇంగ్లీషు రంపాలకు ఇప్పుడు గిరాకీ అట. గోడకు తగిలించుకుంటారట. ఏది ఏ కాలందో చెప్పడం నా పని. పిడికి ఇత్తడి నట్లు చెక్కతో సమంగా ఉండి, నడుమ గాడి ఉంటే బాగా పాతది. నట్లు ఉబ్బెత్తుగా ఉంటే ఆ తర్వాతది. కొస దగ్గర వీపు మీద చిన్న మొటిమలాంటిది ఉంటే అదీ పాతదే. వరసగా పెట్టి చెప్పాను. రాసుకున్నాడు.

సంచి అడుగున ఇంకొకటి ఉంది. పిడి పట్టుకున్నాను. వెంటనే వదిలేశాను.

ఏంది పెద్దాయనా, కరిచిందా అని నవ్వాడు సురేంద్ర. రేకంతా అరిగిపోయింది, ఎవరూ కొనరు, నువ్వే ఉంచుకో అన్నాడు.

సాయంత్రం

అది జయరావు రంపం. వాడు నా భార్య సఫూరాకు తమ్ముడు. నేనూ వాడూ మామ దగ్గరే వడ్రంగం నేర్చుకున్నాం. పిడి కింది కొమ్ము విరిగితే చింత చేవతో అతుకు వేసింది నేనే. వెదురు చీల కొట్టాను. ఆ చీల అలాగే ఉంది. వాడిది ఎడమచేతి వాటం. పిడిని ఆ చేతికి తగ్గట్టు గీకుకున్నాడు.

77 ఉప్పెనకు ముందు రోజు నిజాంపట్నం వైపు తలుపుల పనికి వెళ్ళాడు. ఈ రంపం తీసుకునే వెళ్ళాడు. శవం దొరకలేదు.

షెడ్డులో పలకల వెనక దాచాను. సఫూరాకు చెప్పలేదు.

అక్టోబరు 17

ఇమ్మానియేలు పాస్టరు గారు వచ్చారు. సమాధుల పండుగకు చర్చి వాళ్ళు నల్లరాయి నిలబెడుతున్నారు. ఉప్పెనలో శవాలు దొరకని వాళ్ళ పేర్లు దాని మీద ఉంటాయి. చీమకుర్తిలో చెక్కుతున్నారు. జయరావు పేరు ఇస్తారా అని అడిగారు.

సఫూరా ఇన్నేళ్ళూ వాడు పోయాడని ఒప్పుకోలేదు. తలకు దెబ్బ తగిలి ఊరి పేరు మరిచిపోయి ఉంటాడు అనేది. ఈసారి మెత్తబడింది. రాయండి అయ్యగారూ, నేను కూడా పోతే వాణ్ణి తలుచుకునేదెవరు అంది.

ఆదివారం చెబుతాం అన్నాను నేను. నోరు ఎలా లేచిందో.

నువ్వెవరయ్యా ఆపడానికి, వాడు నీ తమ్ముడా అంది.

అక్టోబరు 18, మధ్యాహ్నం

సఫూరా స్త్రీల కూడికకు వెళ్ళింది. రంపం ఎండలో పెట్టి చూశాను.

పదును పెట్టినప్పుడల్లా రేకు వెంట్రుకవాసి తగ్గుతుంది. ఉప్పెన నాటికి ఈ రేకు నడుమ నా అరచెయ్యంత వెడల్పు. ఇప్పుడు రెండు వేళ్ళు. ఒక ఏడాదిలో అరిగేది కాదు. జీవితమంతా పని చేస్తేనే ఇంత అరుగుతుంది. ఎడమచేత్తో ఆకురాయి పడితే పన్ను వాలు వేరుగా వస్తుంది. ఇక్కడ పళ్ళన్నిటికీ అదే వాలు.

వేరేవాడి చెయ్యి పడలేదు.

అంటే బతికాడు. ముసలివాడయ్యాడు. ఇంటికి రాలేదు.

ఇంకొకటి. పళ్ళు తళతళమంటున్నాయి. మొనల మీద ఇనుప రజను ఇంకా ఉంది. నా వేలికి అంటింది. పదును పెట్టాక ఈ రంపం కట్టెను తాకలేదు. ఆకురాయి పక్కన పెట్టి మనిషి ఎటు పోయాడు?

ఎండలో కూడా రేకు చల్లగా ఉంది.

అక్టోబరు 19

సురేంద్రకు ఫోన్ చేశాను. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండివాళ్ళు తెచ్చారట. ఏ ఊళ్ళో తీసుకున్నారని నేనేం అడుగుతాను పెద్దాయనా, అంతా ఒకే కుప్ప అన్నాడు.

అక్టోబరు 20, ఆదివారం

చర్చి నుంచి వచ్చి అన్నం తిని పడుకున్నాను. లేచేసరికి సఫూరా షెడ్డులో ఉంది. రంపం ఆమె ఎడమచేతిలో ఉంది. ఆమెది కుడిచేతి వాటం.

వడ్రంగి కూతురు. నేను చెప్పాల్సిన అవసరం లేదు. రేకు మీద రెండు వేళ్ళు ఆనించి చూసింది.

ఏందయ్యా, ఇది ఇంత అరిగిందేంది అంది.

పళ్ళ వాలు కూడా తడిమింది.

తిన్నాడు, పడుకున్నాడు, పని చేసుకున్నాడు, అమ్మ చచ్చిపోతే కూడా రాలేదు అంది. ఏడవలేదు. చీర కుచ్చెళ్ళు దులుపుకుని పాస్టరు గారి ఇంటికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. పేరు రాయండి అని మాత్రం చెప్పింది.

తిరిగి వస్తూ, ఆ రోజు పోయినవాడే నా తమ్ముడు, తర్వాత బతికినవాడు ఎవడో నాకు తెలియదు అంది. పక్కనుంచి పత్తి తీత కూలీల ఆటో పోయింది. దుమ్ము అణిగేదాకా ఇద్దరం నిలబడ్డాం.

అక్టోబరు 26

సఫూరా నాతో మాట్లాడటం లేదు. దాచినందుకు.

నవంబరు 2, శనివారం

సమాధుల పండుగ. బంతిపూలు, కొవ్వొత్తులు. రాయి మీద జయరావు పేరు చివర ఉంది. సఫూరా ఆ అక్షరాల్లో వేలు పెట్టి తడిమింది.

మా పనివాళ్ళలో ఒక పద్ధతి ఉంది. వడ్రంగి పోతే అతని రంపం పళ్ళు తోటి పనివాడు చదును చెయ్యాలి. చెయ్యకపోతే పోయినవాడికి పని మీద ఆశ చావదు అంటారు. పాస్టరు గారికి ఇలాంటివి గిట్టవు. అయినా ఇంటికొచ్చి చేశాం. సఫూరా రేకు కదలకుండా పట్టుకుంది. నేను ఆకురాయితో అరగదీశాను. ఒక్క పన్ను మిగల్లేదు. అంచు గీతలా అయింది.

ఇంత అన్నం తిన్నాం. సఫూరా మాట్లాడింది.

నవంబరు 3, తెల్లవారుజాము

షెడ్డులో ఆకురాయి చప్పుడు. ఒక్కో పన్నుకూ ఆగి, మళ్ళీ.

లేవబోయాను. సఫూరా కళ్ళు తెరవకుండానే నా చెయ్యి పట్టుకుంది.

ఉండయ్యా, వాణ్ణి పూర్తి చేసుకోనీ అంది.