గుండీల ఎక్కం

ఏవండీ, నేను అక్కయ్య వాళ్లింటికి వెళ్తున్నా. పాప స్కూలు నుంచి రాగానే నా కుట్టుపెట్టెలో గుండీలు తీసి, పళ్లెంలో నాలుగు వరసలు, వరసకి ఆరేసి పేర్చండి. మొత్తం ఎన్నో దాన్నే లెక్కపెట్టనివ్వండి. తర్వాత పళ్లెం పక్కకి తిప్పండి. ఇప్పుడు ఆరు వరసలు, వరసకి నాలుగు. గుండీలు మాత్రం అవే. రేపే పరీక్ష.

నిన్నట్లా "నోరు మూసుకుని ఎక్కం అప్పజెప్పు" అనకండి. ఇంజనీరుగారి మాట కదా, పిల్ల నిజంగానే నోరు మూసుకుంది. మీరేమో మొండిదన్నారు. అప్పట్నుంచీ లెక్కల పుస్తకం కనిపిస్తే చాలు, మంచం కిందికి దూరుతోంది.

అన్నట్టు, పొద్దున నేనే చెప్పి వెళ్తానంటే వద్దంది. "నాన్నే చెప్పాలి. నాన్నకి అర్థమయ్యేదాకా నేను కూర్చుంటాలే" అంది.