కోడలు పిల్ల మింగిన యాసిడ్

అత్తయ్యగారికి బస్సు నడిపే మీ కోడలు నమస్కరించి రాయునది.

ఇద్దరం క్షేమం. బిడ్డ కావాలనుకుంటున్నామని డాక్టరమ్మకు చెప్పాం. రక్తపరీక్షలు చేయించి, బీపీ చూసి, ఇప్పటినుంచే రోజూ ఫోలిక్ యాసిడ్ వేసుకోమంది. మొదలుపెట్టాను. కడుపులో మంట కూడా లేదు.

ఇట్లు,
మీ కోడలు

తా.క. పొగ మంచిది కాదంటే మీ అబ్బాయి సిగరెట్లు మానేశారు. ఇంట్లో పెన్నులన్నీ కొరికేస్తున్నారు.

కోడలు పిల్లకి అత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి కాళ్ళూ చేతులూ ఆడలేదు. యాసిడ్ ఏమిటే తల్లీ! దాంతో నేను మన బేకరీ బాత్రూం కడిగిస్తాను. నువ్వు మింగి మంట లేదంటావా? సందుల్లో అంత బస్సు తిప్పే ధైర్యం నీదని వీధంతా చెప్పుకున్నాను గానీ, మరీ ఇంత ధైర్యం పనికిరాదు. వెంటనే ఆపు.

ఇట్లు,
వణుకుతున్న అత్త

తా.క. బ్యాటరీలో పోసేది ఇదేనా అని మీ మామయ్య కనుక్కోమన్నారు. స్కూటరు కదలడం లేదు.

అత్తయ్యగారికి,

పేరుకే యాసిడ్. అదొక విటమిన్, చిన్న మాత్ర. ఆకుకూరల్లోనూ ఉంటుంది. బిడ్డకు మెదడు, వెన్నుపాము తయారయ్యేది మొదటి వారాల్లోనే, నెల తప్పిందని మనకు తెలిసేలోపే. అప్పటికే మాత్ర వేసుకుంటూ ఉంటే వెన్నులో లోపాలు వచ్చే అవకాశం బాగా తగ్గుతుందట.

అన్నట్టు, నాకు నెల తప్పింది.

ఇట్లు,
మీ కోడలు

తా.క. స్కూటరుకు వద్దు.

బంగారు తల్లికి,

బేకరీకి వచ్చినవాళ్ళందరికీ బన్నులు పంచాను. వెన్నుకు మంచిదన్నావుగా, నడుంనొప్పికి మీ మామయ్యకూ ఆ మాత్రే వేస్తున్నాను.

ఇట్లు,
మురిసిపోతున్న అత్త

తా.క. ఆయన నడుం అలాగే ఉంది. ముందునుంచీ వేసుకోవాలన్నావు, అరవై ఏళ్ళు ఆలస్యమైందేమో.

అత్తయ్యా,

అయిదో నెల స్కానింగులో బిడ్డ పైపెదవి ఒక పక్క కలవలేదన్నారు. మిగతా అంతా బాగుందట. పుట్టాక కొన్ని నెలలకు ఆపరేషన్ చేసి కుడతారు. "నీ తప్పేమీ లేదమ్మా. ఆ మాత్ర అన్ని లోపాలనూ ఆపలేదు. ఇది ఎందుకొస్తుందో చాలాసార్లు మాకే తెలియదు" అంది డాక్టరమ్మ.

కానీ ఆ రోజు నుంచీ మీ అబ్బాయి నా మొహం చూడటం లేదు. ఏమైందని అడిగితే బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నారు. నామీద అసహ్యం పుట్టిందా అత్తయ్యా?

మీ కోడలు

తా.క. మామయ్యకు ఆ మాత్ర ఆపేయండి. డాక్టరుకు చూపించండి.

నా తల్లికి,

పిచ్చిపిల్లా! వాడు తలుపేసుకుని చూసుకునేది అద్దంలో వాడి మొహాన్ని. మీసం తీయించి చూడు, కింద సన్నటి గీత ఉంటుంది. వాడూ అలాగే పుట్టాడు. అంగిలి కూడా చీలి, పాలు తాగలేకపోయేవాడు. చెంచాతో చుక్క చుక్క పట్టాను. ఆపరేషన్లయ్యాక మాట సరిగ్గా రావాలని ఒక్కో అక్షరం ఎన్నిసార్లు పలికాడో! ఇప్పుడు స్టేషన్లో ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో ఊరందరికీ చెప్పేది ఆ నోరే.

పెళ్ళికి ముందు చెప్పరా అంటే, నువ్వు కాదంటావేమోనని భయపడ్డాడు. ఇప్పుడు తన వల్లే బిడ్డకు వచ్చిందని కుమిలిపోతున్నాడు. డాక్టరమ్మ నీకు చెప్పిన మాటే నువ్వు వాడికి చెప్పు. ఈ సంగతి డాక్టరమ్మకూ చెప్పండి. అంతటి బస్సును తిప్పేదానివి, వాణ్ణి తిప్పలేవా? పాలు పట్టడం నేర్పడానికి నేను బయలుదేరుతున్నాను.

ఇట్లు,
నిన్ను చూసి గర్వపడే అత్త

తా.క. మీసం తీశాక జడుసుకోకు. అచ్చం నాలా ఉంటాడు.